మస్కట్ ఇంటి మూడో తాళం చెవి

నేను ఊళ్లు చూడటానికి బయల్దేరలేదు. ఆ సరదా మస్కట్‌లోనే తీరిపోయింది. పొద్దున కంపెనీ బస్సు కిటికీలోంచి, సాయంత్రం మళ్లీ అదే కిటికీలోంచి. నేను బయల్దేరింది జైనబీని పట్టుకురావడానికి. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తున్నది. తప్పులుంటే దానివి, తిట్లుంటే నావి.

మస్కట్‌లో ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. పాలకుర్తి వైపు నుంచి నేను, కేసముద్రం సారమ్మ, భూపాలపల్లి జైనబీ. ముగ్గురిదీ బడులు ఊడ్చే పనే. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒకే ఒక్క బాత్‌రూం. ఆ బాత్‌రూం ముందు రోజూ జరిగే యుద్ధం చూడలేక ఇంటికి కట్టుబాట్లు పెట్టాను. చెప్పులు బయట విడవాలి. చివర తిన్నవాళ్లు గిన్నెలు తోమాలి. ఒకరు పడుకుంటే ఇంకొకరు ఫోన్‌లో అరవొద్దు. సెలవు మీద పోయేవాళ్లు తాళం చెవి వెంట తీసుకుపోవచ్చు గానీ, ఇల్లే విడిచిపోయేవాళ్లు మాత్రం నా చేతిలో పెట్టి పోవాలి. అంతకుముందు ఒకామె తాళం చెవితో సహా మాయమైపోతే తలుపుకు కొత్త తాళం వేయించుకున్నాం మరి. ఇంత మేలు చేసినందుకు జైనబీ నాకు ఇచ్చిన బిరుదు, జైలరమ్మ.

తమ్ముడి పెళ్లికని ఊరికి పోయిన జైనబీ సెలవు అయిపోయినా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "వస్త, వస్త" అంటుంది. వీసా తెగే రోజు దగ్గరపడింది. ఆమె రాకపోతే కంపెనీ ఆ మంచంలోకి ఎవరినో ఒకరిని పంపిస్తుంది. పంపనీ, ఏం పోయింది అనుకోవచ్చు. కానీ జ్వరమొస్తే తెల్లవార్లూ తిట్టుకుంటూ నుదుటి మీద తడిగుడ్డ మార్చే మనిషిని ఏ కంపెనీ పంపదు.

నాకు సెలవు దొరకగానే సారమ్మ హుకుం జారీ చేసింది. "బీబీని ఎంట పెట్టుకొనే రా ఎల్లక్కా. తాళం చెవి ఇస్తే మాత్రం తీసుకోకు. అది దాని దగ్గరున్నన్ని రోజులు అది వస్తదన్నట్టే."

నా తాళం చెవి ఎప్పుడూ నల్లదారంతో నా మెడలోనే ఉంటుంది. మా ఆయన పోయినప్పుడు పుస్తె తీయించి, ఇక ఈ మెడ బోసిగా ఉండాలన్నారు పెద్దలు. వాళ్ల మాట కాదంటానా! ఇల్లు తెరిచే ఇనుపముక్క నగ కాదు కదా అని వేసుకున్నాను.

మా ఊరి నుంచి జనగామ స్టేషన్‌కు ఏడింటికల్లా చేరుకున్నాను. బండి ఎనిమిదింటికి చేరుకుంది. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏడిదాక అవ్వా?" అని అడిగాడు.

"కేసముద్రం. బండికి గూడ గాడిదాక పోవాలనిపిస్తే."

అనిపించింది, కానీ నెమ్మదిగా అనిపించింది. దిగేసరికి పదకొండు. మార్కెట్ యార్డు రోడ్డంతా పత్తి లారీలు, ట్రాక్టర్లు. వాటి మధ్య ఇరుక్కున్నాక, నడిస్తేనే తొందరగా చేరతావని ఆటో అతనే సలహా ఇచ్చాడు. కిరాయి మాత్రం ముందే తీసుకున్నాడు.

సారమ్మ భర్త కొమురయ్య యార్డులో హమాలీ. నేను పేరు చెప్పకముందే లోపలికి కేకేశాడు. "అవ్వా, గురకక్క వచ్చింది!"

సారమ్మ ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా వెనక నా సంగీతం వినబడేదట. సారమ్మ అత్త వచ్చి నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఫోన్ల నీ ఈపే కనబడేది బిడ్డా. మొఖం గూడ ఉన్నదన్నట్టు."

సారమ్మ పంపిన దుప్పటి, అత్తరు, నొప్పుల మందు అప్పజెప్పి, పచ్చిపులుసుతో కడుపునిండా తిన్నాను. పోయేటప్పుడు కొమురయ్య మామిడికాయ తొక్కు డబ్బా సంచిలో పెట్టి మెల్లగా అన్నాడు. "జైనబక్క రాకుంటే మా ఆమె గూడ ఆడ ఉండనంటున్నది. జర పట్టుకపో అక్కా."

మధ్యాహ్నం బండికి వరంగల్, అక్కడి నుంచి హన్మకొండ, మళ్లీ భూపాలపల్లి బస్సు. వెనకాల వచ్చే ఆడవాళ్లకు ఒక మాట: బస్సులో మనకు టికెట్ ఊరికే, ఆధార్ కార్డు చేతిలో పట్టుకోండి. సీటు మాత్రం ఊరికే రాదు. కండక్టరు నా కార్డు చూసి నన్ను చూశాడు.

"గీ ఫోటోల నువ్వేనా అవ్వా?"

"నేనే బిడ్డా. గప్పుడు మొగుడుండె, నవ్వుతున్న. గిప్పుడు నీ బస్సుల నిలబడ్డ."

పరకాల దాటాక గానీ కూర్చోలేదు. బొగ్గు లారీల దుమ్ములో ముంచి తీసి, సాయంత్రం భూపాలపల్లిలో దింపారు. జైనబీ ఇల్లు బస్టాండు వెనకే. గడపలో కాలు పెట్టానో లేదో లోపలి నుంచి అరుపు.

"చెప్పులు బైట! చప్పల్ బాహర్!"

నా కట్టుబాటు నా మీదే అరిచింది. లోపల గనుల దగ్గర క్యాంటీన్‌లో పనిచేసే ఒడిశా ఆడవాళ్లు నలుగురున్నారు. ఒకామె గిన్నెలు తోముతోంది, ఒకామె బకెట్ పట్టుకుని బాత్‌రూం ముందు వంతు కోసం నిలబడింది. మధ్యలో నడుం మీద చేయి పెట్టుకుని జైనబీ.

"గిదేందే బీబీ?"

"తమ్ముడు ఏరు పడ్డడు, ఇల్లు ఖాళీ. వీళ్లకు ఊర్ల ఎవ్వలు ఇల్లు ఇస్తలేరు అక్కా. సంచులు పట్టుకొని తిరుగుతున్నరు, మస్కట్ల మనం తిరిగినట్టే. రమ్మన్న."

"నిన్నేమని పిలుస్తరు?"

"ముందట దీదీ అంటరు. ఎనక వాళ్ల భాషల ఏదో అంటరు." నవ్వింది. "తెలుగుల జైలరమ్మనే అయితది."

రాత్రి రొట్టె, పప్పు తిని అక్కడే పడుకున్నాను. నా గురకకు నలుగురూ లేచి కూర్చున్నారని పొద్దున తెలిసింది. చుట్టాన్ని కదా అని బాత్‌రూం వైపు ముందుకు పోతే జైనబీ చేయి అడ్డం పెట్టింది.

"లైన్ల నిలబడు. ఎవ్వరికైనా వంతే."

నిలబడ్డాను. వంతు వచ్చేలోపు అడిగేశాను. "వస్తవా, రావా?"

ఆమె లోపలికి పోయి తాళం చెవి తెచ్చింది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"పట్టు అక్కా. ఇల్లు ఇడిసిపోయెటోళ్లు ఇచ్చి పోవాలె. పెట్టింది నువ్వే."

"గది తీసేస్త."

"నువ్వు తీసేస్తే, వీళ్లకు నేనేం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

చేతులు దొరకకపోయేసరికి నా మెడలో దారం ముడి విప్పి, తన తాళం చెవిని అందులో ఎక్కించి, మూడు ముళ్లు వేసింది. మొద్దుదానా, మొండిదానా అని తిడుతూనే వేసింది. ముక్కు చీదుకున్నది మాత్రం బొగ్గు దుమ్ముకేనట.

తిరుగు బస్సులో నిలబడే ఉన్నాను. సారమ్మ ఫోన్.

"తాళం చెవి ఇచ్చిందా?"

"ఇయ్యలె. కట్టింది."

"దాని మంచం మీద సామాను తియ్యాల్నా మరి?"

"నేనొచ్చేదాక ముట్టకు."

బస్సు గుంతలో పడ్డప్పుడల్లా మెడలో రెండూ కొట్టుకుంటున్నాయి. పక్క సీట్లో ఉన్న చిన్నది చూసింది.

"రెండిండ్లున్నయా అవ్వా?"

"రెండూ ఒక్క తలుపువే బిడ్డా. ఒకటి తెరుస్తానికి, ఒకటి మోస్తానికి."

ఆమెకేం అర్థమైందో తెలియదు గానీ కిటికీ వైపు జరిగి చోటిచ్చింది. ఈ మొత్తం ప్రయాణంలో నాకు ఊరికే దొరికిన సీటు అదొక్కటే.