వజ్రాల ప్లేటు, పెరట్ల బండ

నా సానరాయి నడుమ ఎంత గుంట పడిందంటే, వానకాలం అందులో కప్పలు కాపురం పెట్టాయని వీధిలో చెప్పాను. సగం మంది నమ్మారు. మా ఆవిడ నమ్మలేదు. ఆమె బాధ వేరే.

నాది తలుపులు, కిటికీలు చేసే పని. ఉలికి పదును రావాలంటే రాయి చదునుగా ఉండాలి. గుంట పడినప్పుడల్లా పెరట్లో బట్టలుతికే షాబాద్ బండ మీద ఇసుక పోసి, నీళ్లు చల్లి, రాయిని రుద్దడం మా ఇంటి అలవాటు. రాయి సాపయ్యేది, బండ గుంటయ్యేది. ఆ గుంటలో సబ్బునీళ్లు నిలిచి, ఉతికిన చీరకు మళ్లీ మురికి అంటేది.

"నాకు బండ సాపుగ గావాలె. గప్పటిదాక ఆ రాయి పెరట్లకు రావొద్దు," అన్నది మా ఆవిడ.

రాయిని సాపు చేసే డైమండ్ ప్లేటు కొనడానికి రాయచూరు బజారుకు బయల్దేరితే తనూ వచ్చింది. దాని మీద వజ్రాల పొడి ఉంటుందని ఆటోలో నోరు జారాను. దిగేదాకా ముక్కుపుడక తిప్పుకుంటూ కూచుంది. దిగినాక, "నా ముక్కుపుడకకు గాజురాయి, నీ రాయికి వజ్రమా?" అని మెల్లగా అడిగింది. ఆటో అతను చిల్లర ఇవ్వడం మరిచి నా మొహం చూశాడు.

దుకాణదారు రెండు ప్లేట్లు తీశాడు. ఒకటి పల్చగా, నగలా మెరుస్తోంది. రెండోది మందంగా, గరుకుగా, మా మేనత్త మొహంలా ఉంది. నా చెయ్యి మెరిసేదాని మీదికే పోయింది. మా ఆవిడ రెంటినీ గల్లా అద్దం మీద పెట్టి, మస్కి సంతలో జొన్నరొట్టెల పెంకను చూసినట్టే మూలమూలా బొటనవేలితో నొక్కింది. మెరిసేది టక్కుటక్కుమని ఊగింది. పక్కకు నెట్టేసింది. మందమైనది కదల్లేదు. గరుకుదే తొందరగా అరగదీస్తుందని, నీళ్లు పోస్తూ గట్టిగా నొక్కకుండా రుద్దమని దుకాణదారు చెప్పాడు. నేను ఊరుకోవచ్చు కదా. ఇది పెట్టి గీకితే రాయచూరు కోట గుట్ట కూడా మైదానమైపోతుందన్నాను.

ఇంటికొచ్చి రాయి మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి రుద్దాను. అంచుల గీతలు ముందు పోయాయి, నడుమవి చివరికి పోయాయి. రాయి అద్దమైంది. తల తిప్పి చూస్తే మా ఆవిడ అదే పెన్సిల్‌తో బండ నిండా గీతలు గీస్తోంది.

"గుట్టనే సాపు జేసేటోనికి బండ ఎంత? కానియ్యి," అని చాయ్ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూచుంది.

ఆ బండను రుద్దితే వజ్రాలన్నీ రాలిపోతాయి. ఎండలో వజ్రాలు అలుగుతాయని చెప్పి చూశాను. నీడొచ్చేదాకా ఆగుతానంది. ఇక అడుగు పక్కైనా సాపుగా ఉంటుందని గడ్డపార తెచ్చి బండను లేపి తిరగేశాను.

అడుగున అంతకంటే పెద్ద గుంట.

మా నాయనదీ ఇదే పని. ఆయన ఆ పక్కంతా అరగదీసి, అమ్మ పోరు పడలేక ఎప్పుడో తిప్పేసినట్టున్నాడు. మా ఆవిడ గుంటలో అరచెయ్యి పెట్టి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మామది లోతు. నీదే నయం. మల్ల తిప్పు."

తిప్పాను. బండ కింద ఒక పక్క తనే ఇటుకముక్క దోపింది. సబ్బునీళ్లు ఇప్పుడు జారిపోతున్నాయి. బండ ఎందుకు వాలిందని అడిగినవాళ్లకు, మా దగ్గరి గనిలో బంగారం తవ్వేవాళ్లు దారి తప్పి మా పెరటి కిందికొచ్చారని చెబుతున్నాను. ఈసారి మా ఆవిడ కూడా పక్కన నిలబడి తలూపుతోంది.