పోలమ్మక్కకు నేనిచ్చిన నోటీసు

నా పరువు ఎక్కడ పోయిందో కచ్చితంగా చెప్పగలను: అల్లూరు చేపల మార్కెట్లో, పోలమ్మక్క చేపలమ్మే బండ ముందు, రెండడుగుల తడి నేల మీద. మీరూ నవ్వుకోండి. ఆ రోజు మార్కెట్లో నవ్వనిది నేనొక్కడినే.

అప్పట్లో నాకు పాతికేళ్ళు. రొయ్యల మేత కొట్లో పని. బేరాల్లేని మధ్యాహ్నాలు ఫోన్లో చట్టం వీడియోలు చూసేవాడిని. ఆరు చూసేసరికి నాకిక నల్లకోటు ఒక్కటే తక్కువ అనిపించింది.

ఆ ఆదివారం పోలమ్మక్క దగ్గర పండుగప్ప కొని, ఐసుతో సహా సంచిలో వేయించుకుని, ఇంకో చేప కోసం పావుగంట బేరమాడాను. బేరం కుదరక వెనక్కి తిరిగానో లేదో, కాలు జారి కూలబడ్డాను. ఆమె వచ్చి లేపింది. నడుం కాస్త కలుక్కుమంది, అంతే. కానీ ఆ వీడియోలు నన్ను ఊరుకోనిస్తాయా?

"నాకు నష్టపరిహారం ఇయ్యాలక్కా."

"పడింది నువ్వు గదబ్బయా. నేనెందుకిచ్చేది?"

"నేల నీది."

"నేల పంచాయతీది."

"నీళ్ళు నీవి గదా. నేల తడిపినోళ్ళదే బాధ్యత. హెచ్చరిక బోర్డు కూడా పెట్టలా నువ్వు."

"చేపలంగట్లో తడుంటాదని బోర్డు పెడతారా ఎవురైనా?"

నోటీసిచ్చి పంచాయతీ దాకా వెళ్తానన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. "అట్ట చేయబాకు నాయనా. ఈ బండ పోతే నా పిల్లోళ్ళ చదువు ఆగిపోతాది."

మనిషన్నవాడు అక్కడితో ఆగాలి. నేను ఆగలేదు. "చట్టానికి అక్కా తమ్ముడూ ఉండరక్కా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు టైపు చేయించిన నోటీసుతో, అవసరం లేకపోయినా కుంటుకుంటూ వెళ్ళాను. ఆమె కుడిచేతికి పసుపు గుడ్డ కట్టి ఉంది. కత్తి తగిలిందేమో అనుకున్నాను. సాక్ష్యం కావాలి కదా, ఎదురుగా ఉన్న మందుల షాపు రమణయ్య గారిని కెమెరా రికార్డు చూపించమని అడిగింది కూడా నేనే. పోలమ్మక్కతో సహా సగం మార్కెట్ నా వెనక చేరింది.

తెరమీద పోలమ్మక్క నీళ్ళు ఊడ్చి ఇసుక చల్లింది. తర్వాత నేనొచ్చాను. పండుగప్ప వీపు ముల్లు నా సంచిని చీల్చింది. బేరమాడినంతసేపూ ఐసు నీళ్ళు కారి నా కాళ్ళ దగ్గరే మడుగు కట్టాయి. అందులోనే పడ్డాను. నేను కళ్ళు మూసుకుని మూలుగుతుంటే, లేపడానికి పరుగెత్తుకొచ్చిన పోలమ్మక్క కూడా అందులోనే జారి కుడిచేతి మీద పడింది. లేచి, ఆ చేతిని కొంగులో దాచుకుని, ఎడమచేత్తో నన్ను లేపింది.

రమణయ్య గారు నా నోటీసు తీసుకుని పైకి చదివారు. "నేల తడిపినవారిదే పూర్తి బాధ్యత." కళ్ళజోడు సర్దుకుని, "బాగా రాసినావు" అన్నారు.

"నీళ్ళెవురివబ్బయా?" మెల్లగా అడిగింది పోలమ్మక్క.

"నావేనక్కా."

"మరి నా చెయ్యి బాగయ్యేదాకా చేపలు కోసేదెవురు?"

మూడు వారాలు తెల్లవారుజామునే వచ్చి నేనే పొలుసు తీశాను. "లాయరు గారూ, ముక్కలు చిన్నవి కొట్టండి" అని అడగడానికే ఊళ్ళోవాళ్ళంతా అక్కడే చేపలు కొన్నారు. ఆమెకు అంత బేరం ఎప్పుడూ జరగలేదట. చెయ్యి నయమయ్యాక, నేనడిగిన హెచ్చరిక బోర్డు కూడా పెట్టించింది. ఇప్పటికీ ఉంది: "ఇక్కడ జారుతాది. నమ్మకపోతే మేత కొట్టు శీనయ్యను అడగండి."

కనుక ఆ బోర్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నేనెక్కడ పడినా, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, ముందు నా సంచి చూసుకుంటాను.