నెమరు బాబాయి

మా బాబాయి తిండి నమిలేవాడు. అందరూ నములుతారు. ఆయన నమలడం మాత్రం ఒక పట్టాన ముగిసేది కాదు. మేం తిని, చేతులు కడుక్కుని, గిన్నెలు సర్ది, బల్ల తుడవడానికి వచ్చేసరికి ఆయన దవడ ఇంకా కదులుతూనే ఉండేది. పళ్ళెంలో సగం అలాగే ఉండేది. ఇంట్లో అందరం ఆయన్ని నెమరు బాబాయి అనేవాళ్ళం. చాటుగా కాదు, ఎదురుగానే.

ఆయన పశువుల డాక్టరు. పిన్నికి కడుపులో పుండు ముదిరి, ఆపరేషన్‌లో కడుపు చాలావరకు తీసేశారు. మిగిలింది పిడికిలంత. చెల్లెల్ని దగ్గరుండి చూసుకోవాలని అమ్మ ఇద్దరినీ మా ఇంటికే తెచ్చుకుంది. కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినాలి. తొందరపడితే బయటికి వచ్చేస్తుంది. తినడం మానేస్తే మనిషి మిగలదు. ఆసుపత్రివాళ్ళు చెప్పింది అంతే.

పిన్నికి మొహమాటం ఎక్కువ. వచ్చిన కొత్తల్లో, మేం లేస్తుంటే తనూ పళ్ళెం పక్కకి నెట్టేసేది. "నాకోసం ఎవరూ కూర్చోకండి, నాకు చాలు," అనేది. ఒంటిమీద బట్టలు వదులవుతూ వచ్చాయి.

సరిగ్గా అప్పుడే బాబాయికి ఈ నమిలే పిచ్చి పట్టింది.

"ఆవుని చూడండి," అన్నాడు ఒక మధ్యాహ్నం, బుగ్గలో ముద్దతో. "ముందు గబగబా మింగుతుంది. పొట్ట మొదటి గదిలో సూక్ష్మజీవులు ఆ గడ్డిని పులియబెడతాయి. మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుతుంది. నాలుగు గదులున్న జీవికే అంత ఓపికుంటే, ఒక్క గది ఉన్న మనకెంత ఉండాలి?"

"నీకు అయిదో గది కూడా ఉన్నట్టుందయ్యా," అన్నాడు నాన్న చెయ్యి కడుక్కుంటూ.

అమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. "మరిదిగారూ, దానికి అసలే ఒంట్లో బాగాలేదు. మీ తిండి అయ్యేదాకా అదలా కూర్చోవాలా?"

"నములుతున్నాను వదినా."

"పోనీలే అక్కా," అనేది పిన్ని. "ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి ఎలా లేవను?" అని, ఊరికే కూర్చోలేక ఇంకో ముద్ద నోట్లో పెట్టుకునేది.

తర్వాత మిగతా జంతువులూ బల్ల దగ్గరికి వచ్చాయి. కోడికి పళ్ళు లేవు. మింగిన గులకరాళ్ళతో కందనకాయలో గింజలు నూరుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. నమలాల్సిందంతా మొదటిసారే నమలాలి. కుందేలు తన పెంటికల్లో మెత్తటివి మళ్ళీ తానే తింటుంది. మొదటిసారి ఒంటికి పట్టని సారం అప్పుడు పడుతుంది. ఈ కుందేలు సంగతి చెప్పిన రోజు నాన్న పళ్ళెంతో సహా వసారాలోకి వెళ్ళిపోయాడు. పిన్ని నవ్వింది. నవ్వుతూ తింది. అప్పట్లో పిన్ని నవ్వడమే అరుదు.

ఒకసారి పనిమీద పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. కాంపౌండరు ఒక ఆవు తల పట్టుకుని ఉన్నాడు. బాబాయి దాని ఎడమ డొక్కలో పిడికిలి అదిమి, లోపల పొట్ట కదులుతుందేమోనని కాచుకుని ఉన్నాడు. కదల్లేదు.

"లోపల ఆగిపోయింది," అన్నాడు ఆవుని తోలుకొచ్చినాయనతో. ఆ మాట ఆయన వైపు చూడకుండా అన్నాడు.

తర్వాత చేతులు కడుక్కుని, నిలబడే, టిఫిన్ డబ్బా మూత తీసి గబగబా ఖాళీ చేసేశాడు.

"నమల్లేదేం బాబాయ్?"

"ఇక్కడ ఆవులు నములుతున్నాయి కదరా."

పిన్ని డాక్టర్లు అనుకున్నదానికంటే చాలా ఏళ్ళు బతికింది. చివరికి నీళ్ళు కూడా దిగలేదు. చలి మొదలవుతుండగా పోయింది.

అన్నీ అయిపోయాక బల్ల చుట్టూ కూర్చున్నాం. అందరికన్నా ముందు బాబాయి పళ్ళెం ఖాళీ అయింది. లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా చేతులు పళ్ళేల్లోనే ఆగిపోయాయి.

"అదేంటయ్యా, అప్పుడేనా?" అన్నాడు నాన్న. "మరి నెమరు?"

"చల్లారిన తిండి నాకు మొదట్నుంచీ పడదు," అన్నాడు బాబాయి.

ఇన్నేళ్ళూ ఆయన పళ్ళెం చూసి నవ్వాం. పిన్ని పళ్ళెం వైపు ఎవరం చూడలేదు.

ఒక్కొక్కరం లేచాం. అమ్మ తినలేదు. పళ్ళెం పక్కకి నెట్టింది. "నాకోసం ఎవరూ కూర్చోకండి, నాకు చాలు," అంది. గొంతు అచ్చం చెల్లెలిదే.

కుళాయి దగ్గర బాబాయి వెనక్కి తిరిగాడు. తన పళ్ళెం మళ్ళీ తెచ్చుకున్నాడు. కొంచెం వడ్డించుకుని అమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ కదలడం మొదలైంది.

"వదినా," అన్నాడు ముద్ద బుగ్గకి నెట్టి, "ఒంటె సంగతి మీకు చెప్పానా?"

ఒంటె సంగతి మా ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

అమ్మ ఆయన్ని అలాగే చూసింది.

"లేదు," అంది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"దాని పొట్టకి మూడే గదులు."

"అయ్యో పాపం," అంది అమ్మ, నములుతూ.