డబ్బా నిండా ఉసిరికాయలు

పొద్దున్నే నందిగామ నుంచి మైలవరంలో ఉన్న మా చెల్లెలింటికి ఆటోలో వెళుతున్నాను. రోడ్డు పక్కన యాభై దాటిన ఒకావిడ సైకిలు పడేసి, పిక్క పట్టుకుని కూర్చుంది. బెజవాడ నుంచి కొండపల్లి అడవి చూడటానికి బయలుదేరిందట.

"కట్టెలకి కాదూ, ఊరికే చూట్టానికా? ఆటో ఎక్కమ్మా."

"ఎక్కితే మా ఆయన గెలిచినట్టేనండి. అడవిదాకా తొక్కలేవన్నాడు."

నా ఉప్పు మజ్జిగ ఇచ్చాను. "స్టీలు డబ్బా, జాగ్రత్త. మధ్యాహ్నం ఇటే వస్తా, అప్పటికి ఇక్కడుండు."

డబ్బా పోయిందనే అనుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడే నిలబడి ఉంది. మూత తీస్తే నిండా ఉసిరికాయలు.

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదండీ. అడవిలో ఏరాను."

మా ఇంట్లోనూ అదే పద్ధతి. ప్యాంటూ హెల్మెటూ వేసుకున్న మనిషి దగ్గర ఉంటుందనుకోలేదు.

"మీ ఆయనకేవి?" అన్నాను.

జేబు తట్టింది. "ఉన్నాయండి. బాగా పుల్లగా ఉన్నవే ఏరాను."