చెయ్యి తిమ్మిరి అన్నాడు

ఆ రోజు పొద్దున మా ఆయన దోసె తుంచలేకపోయాడు.

వేళ్లు దోసె మీదే ఉన్నాయి, నొక్కుతున్నాడు, ముక్క మాత్రం ఊడి రావడం లేదు. చివరికి దోసెను చుట్టలా చుట్టి అరచేతుల మధ్య పట్టుకుని కొరికాడు. నేను నవ్వాను. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి దోసెతో కుస్తీ పడుతుంటే ఎవరికి నవ్వు రాదు?

"ఏమైంది?" అన్నాను.

"చెయ్యి తిమ్మిరి. స్టింగర్. పోతుంది," అన్నాడు.

మా ఆయన పేరు నిఖిల్. పుట్టింది ఖమ్మంలో అయినా బుద్ధి తెలిసినప్పటి నుంచీ కెనడాలో, ఈ బ్రాంప్టన్‌లోనే పెరిగాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం మాటలు ఏరుకోవాలి. మా వైపు పిల్లలు ఊళ్లకు ఊళ్లు కదిలి కెనడా కాలేజీలకు వస్తున్న ఏళ్లలో నేనూ జగిత్యాల నుంచి సార్నియాకు వచ్చాను. చదువయ్యాక ఉద్యోగం కోసం బ్రాంప్టన్ చేరి, వీళ్లింటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాను. "కింద అద్దెకు దిగిన పిల్ల కోడలై పైకెక్కింది" అని అత్తయ్య అందరికీ చెప్పి నవ్వుతారు. మావయ్యగారు లేరు. పైన మేం ముగ్గురం, కింద నాలాగే వచ్చిన విద్యార్థులు.

నిఖిల్ చేసే పని మనవాళ్లకు చెప్పి ఒప్పించడం కష్టం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్. లైను చివర నిలబడి, తనకంటే బరువైన వాళ్లను తలతో, భుజంతో అడ్డుకోవాలి. సందు దొరికితే పరిగెత్తి బంతి పట్టుకోవాలి. చాకిరీ ఎక్కువ, పేరు తక్కువ. కెనడాలో ఆడే ఆటలో ఆ స్థానానికి పెద్దగా చోటు లేదని అమెరికా కాలేజీకి వెళ్లి ఆడాడు. కాలేజీ అయ్యాక పెద్ద టీములు కుర్రాళ్లను పేరుపేరునా పిలిచి తీసుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఇతని పేరు ఎవరూ పిలవలేదు. అలాంటి వాళ్లను అన్‌డ్రాఫ్టెడ్ అంటారు. పిలవని పేరంటానికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది ఆ బతుకు.

ఏదో టీములో ఎవరికో దెబ్బ తగిలితే ఏజెంట్ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. వెళ్తాడు. వారమంతా ప్రాక్టీసులో గుద్దులు తింటాడు. అసలు ఆట రోజు మాత్రం మామూలు బట్టల్లో పక్కన నిలబడతాడు. దెబ్బ తగిలినవాడు కోలుకోగానే ఇతన్ని పంపించేస్తారు. మూడు టీములు అలా పిలిచాయి, అలా పంపాయి. నాకు తెలిసి నిఖిల్‌కు జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. ఒక్క అసలు ఆటలో దిగాలి, అంతే.

స్టింగర్ అంటే మెడ దగ్గర నరం నలిగి చేతిలోకి కరెంటు కొట్టినట్టు అవడం. ఆటగాళ్లకు అది జలుబులాంటిదట. "ఏ చెయ్యి? కుడిదా, ఎడమదా?" అని నేను అడుగుతుండగానే అత్తయ్య వంటింట్లోంచి వచ్చారు.

"మెడ పట్టేసినట్టుందిరా నాన్నా. దిండు సరిగ్గా పెట్టుకోలేదు," అన్నారు.

మెడ పట్టేస్తే దిండు ఎండలో పెట్టాలని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్తారు కదా. చలికాలం, బయటంతా మంచు. ఎండ ఉందంటే ఉంది, అంతే. అత్తయ్య ఆ దిండును వెనక డెక్ మీద కుర్చీలో పెట్టి, ఎగిరిపోకుండా పైన పచ్చడి జాడీ పెట్టారు. కింద ఉండే విద్యార్థుల్లో ఒకతను పైకొచ్చి, "అక్కా, మా కటింగ్ షాపుల లెక్క ఒక్కసారి మెడ టక్కుమనిపిస్తె సాఫ్ అయితది, అన్నని కూర్చోమను" అన్నాడు. నిఖిల్ తల ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత ఒక డాక్టరుకు ఈ సంగతి చెప్తే ఆవిడ కళ్లు గట్టిగా మూసుకున్నారు.

అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాక్-ఇన్ క్లినిక్‌కు ఒక్కడే వెళ్లాడు. పించ్‌డ్ నర్వ్ కావచ్చు, ఫిజియోకు వెళ్లమన్నారని చెప్పాడు. అక్కడ ఏం చెప్పాడో, ఏం దాచాడో నాకు తెలీదు. అన్‌డ్రాఫ్టెడ్ వాడు నొప్పి అన్నాడంటే సాయంత్రానికి లాకర్ ఖాళీ చేయాల్సిందే. ఆ అలవాటు ఇంటి దాకా వచ్చేసింది. కొన్నాళ్లకు తిమ్మిరి తగ్గింది. అత్తయ్య దిండుకు దణ్ణం పెట్టినంత పని చేశారు.

వేసవి చివర్లో నాలుగో టీము పిలిచింది.

ప్రాక్టీసులో ఒకడికి అడ్డుపడబోయి తల వంచాడట. తగిలాక నేల మీద పడి, లేవాలనుకుంటే చేతులూ కాళ్లూ తనవి కానట్టు పడి ఉన్నాయట. కొన్ని నిమిషాలు అంతే. అంబులెన్స్‌లో ఉండగా మెల్లగా కదలిక వచ్చింది. ఈ సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. అప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఫోన్ పెట్టేసి నేరుగా రెస్ట్‌రూమ్‌కు వెళ్లి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను.

అమెరికా వెళ్లడానికి నాకు వీసా లేదు. సార్నియాలో చదివే రోజుల్లో నది ఒడ్డున నిలబడి అవతల గట్టున అమెరికాను చూసేదాన్ని. అంత దగ్గరి దేశంలో మొగుడు మెడకు కాలర్‌తో పడుకుని ఉంటే వెళ్లలేకపోయాను. అత్తయ్య కెనడా సిటిజన్ కాబట్టి ఆవిడ వెళ్లారు. వీడియో కాల్‌లో ఫోన్ ఎలా పట్టుకోవాలో తెలియక ఆసుపత్రి పైకప్పు చూపించేవారు. నేను ఆ పైకప్పునే చూస్తూ కూర్చునేదాన్ని.

ఎమ్మారైలో తేలింది. సర్వికల్ స్టెనోసిస్. మెడలో స్పైనల్ కార్డ్, అంటే వెన్నుపాము, వెళ్లే దారి ఇతనికి పుట్టుకతోనే ఇరుకు. దానికి తోడు ఒక డిస్క్ లోపలికి తోసుకొచ్చి కార్డ్‌ను నొక్కుతోంది. టీము డాక్టర్ రెండే మాటలన్నాడు: "నాట్ క్లియర్డ్." ఆడటానికి పనికిరాడని. ఒప్పందం ముగిసింది. నాలుగో టీము కూడా పంపించేసింది.

ఇక్కడికి వచ్చాక న్యూరోసర్జన్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపులు. ఫోన్ చేస్తే "యూ ఆర్ ఆన్ ద లిస్ట్" అనేవాళ్లు. ఆ రోజుల్లో నేను చేయగలిగింది ఏమీ లేదు. రాత్రిపూట అతను అటు తిరిగినా ఇటు తిరిగినా నాకు ప్రాణం పోయేది. అత్తయ్య ఎవరినీ తిట్టలేక వాతావరణాన్ని తిట్టేవారు.

సర్జన్ పెద్దావిడ, నిదానస్తురాలు. నిఖిల్ వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసి, "మొదటిసారి తిమ్మిరి వచ్చినప్పుడు వన్ ఆర్మ్ ఆర్ బోత్?" అని అడిగారు.

"బోత్," అన్నాడు నిఖిల్. "ఫ్రమ్ ద బిగినింగ్."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "స్టింగర్ ఎప్పుడూ ఒక చేతికే వస్తుంది. రెండు చేతులకూ ఒకేసారి వచ్చిందంటే అది నరం కాదు, కార్డ్. ఆ రోజే ఎమర్జెన్సీకి రావాల్సింది," అన్నారు.

కారులో నేను ఆగలేకపోయాను. "రెండు చేతులని ఎందుకు చెప్పలే?"

"చెప్పాను కదా. చెయ్యి తిమ్మిరి అన్నాను."

"చెయ్యి అంటే ఒక్కటే నిఖిల్. రెండైతే చేతులు."

తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. "ఐ డిడ్‌న్ట్ నో దట్," అన్నాడు.

వెనక సీట్లోంచి అత్తయ్య, "చిన్నప్పటి నుంచీ వాడంతేనమ్మా. కళ్లు మండినా కన్ను మంట అనేవాడు. ముద్దుగా ఉందని దిద్దలేదు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాకు ముద్దొచ్చిన ఆ తెలుగే మమ్మల్ని ముంచింది. నాకు ఎవరి మీదా కోపం రాలేదు. కోపం వచ్చినా బావుండేది.

సర్జరీ మెడ ముందు వైపు నుంచి చేశారు. డిస్క్ తీసేసి, రెండు ఎముకలను కలిపి ప్లేటు బిగించారు. బాగా జరిగిందన్నారు. అయితే గొంతు పోయింది. కొన్ని వారాలు గుసగుసగానే మాట్లాడాడు. ముద్ద దిగేది కాదు. మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం చెంచాతో పెడితే, అది కూడా పొలమారేది. ఒకసారి పొలమారి కళ్లలో నీళ్లు తిరిగి, నా చెయ్యి గట్టిగా పట్టుకోబోయాడు. వేళ్లలో పట్టు లేదు.

ఆక్యుపేషనల్ థెరపీలో వేళ్ల బలానికి బంకమట్టిలాంటి ముద్ద ఇచ్చారు. అత్తయ్య దాన్ని పక్కన పెట్టి చపాతీ పిండి ఇచ్చారు. పెసలూ మినుములూ కలిపి వేరు చేయమన్నారు. కొడుకు బల్ల ముందు వంగి పప్పులు ఏరుతుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని మళ్లీ కలిపేసేవారు. "అమ్మా, ప్లీజ్," అనేవాడు గుసగుసగా. కదలిక వచ్చింది, పూర్తిగా కాదు. చొక్కా పై గుండీ ఇప్పటికీ నేనే పెడతాను.

అయినా ఆశ చావలేదు. గొంతు రాగానే మళ్లీ బరువులు ఎత్తడం మొదలుపెట్టాడు. ఒక డిస్క్ సర్జరీ తర్వాత మళ్లీ ఆడినవాళ్లున్నారని వీడియోలు చూపించేవాడు. సర్జన్ మాత్రం, "వాళ్ల దారి వెడల్పు వేరు, నీది వేరు. వన్ మోర్ హిట్, అండ్ యూ మే నాట్ వాక్," అన్నారు. కారు దాకా వచ్చి, "'మే' అంది, 'విల్' అనలేదు," అన్నాడు. అలాంటి మనిషికి ఏం చెప్పి ఒప్పిస్తారు? నేను బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. అత్తయ్య మొక్కులు మొక్కారు. మా మాటలన్నీ విని, బూట్లు వేసుకుని పరుగుకు వెళ్లిపోయేవాడు.

తర్వాతి సీజన్‌లో ఒక మధ్యాహ్నం ఏజెంట్ ఫోన్ చేశాడు. నిఖిల్ స్పీకర్ నొక్కాడు. ఒక టీములో టైట్ ఎండ్‌లు ఇద్దరు ఒకే వారంలో దెబ్బతిన్నారట. ఈసారి ప్రాక్టీసుకు కాదు, ఆటకే మనిషి కావాలి. వాళ్ల డాక్టర్‌తో తను మాట్లాడతానన్నాడు. "జస్ట్ టెల్ మీ, ఆర్ యూ హెల్తీ?"

కోరుకున్న ఒక్క ఆట ఫోన్‌లో ఉంది. నిఖిల్ నోరు తెరిచాడు, మాట రాలేదు. ఈసారి గొంతు బాగానే ఉంది. నా వైపు చూశాడు. ఫోన్ నా ముందుకు జరిపి, "నువ్వు చెప్పు," అన్నాడు.

ఇన్నాళ్లూ నా మాట చెల్లలేదు. చెల్లే రోజు వస్తే ఇలా వచ్చింది. నా ఇంగ్లిష్ ఎంతో అంతే: "హీ కెనాట్ ప్లే. నాట్ నౌ. నాట్ ఎవర్." ఏజెంట్ సారీ చెప్పి పెట్టేశాడు. నిఖిల్ లేచి వెళ్లి కారులో కూర్చున్నాడు. స్టార్ట్ చేయలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను, వెళ్లే ధైర్యం లేకపోయింది.

చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఒక హైస్కూల్లో జిమ్ టీచర్‌గా చేస్తున్నాడు. పిల్లలకు తల వంచకుండా ఎలా అడ్డుకోవాలో నేర్పుతాడు. నడుస్తున్నాడు, చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఆటల సీజన్ వచ్చిందంటే నాతో ముభావంగా ఉంటాడు. "నువ్వే చెప్పావు," అని ఒకసారి అన్నాడు కూడా. నేను కాదనలేదు.

ఇలాంటి జబ్బు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు అలాంటి ఫోన్ వస్తుంది. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ "వద్దు" అనే మాట పేషెంట్ చేత అనిపించకండి, మీరే అనేయండి. తనే అంటే తన మీద తనకే కోపం, దాన్నుంచి ఎక్కడికీ పారిపోలేడు. మీరంటే ఆ కోపం మీ మీదకు వస్తుంది. రానివ్వండి. పెళ్లాం మీద ఎంత కోపమొచ్చినా, సాయంత్రం అన్నానికి నడుచుకుంటూ ఇంటికే రావాలి కదా.