ముసుగుకు మీసం పందెం

నరసరావుపేటలో దూది ఏకే మౌలాలీకి తల్లి పెట్టిన ఒట్టు ఒకటుంది. అది చెప్పకుండా అతని కుస్తీల సంగతి చెప్పడం కుదరదు.

అతని తండ్రి మహమూద్ తన కాలంలో పేరు మోసిన పహిల్వాను. ఒకసారి సత్తెనపల్లి గోదాలో ఎదుటివాడు వెనకనుంచి మెడపట్టు పట్టాడు. పట్టినవాడు జనం కేకలకి ఒళ్ళు మరిచి ఇంకాస్త బిగించాడు. ఆ బిగింపుతో మహమూదుకు కాళ్ళూ చేతులూ పడిపోయాయి. రెండేళ్ళు మంచంలో ఉండి, తన మీద వాలిన ఈగను తాను తోలుకోలేక, చివరికి కన్నుమూశాడు. ఆ రెండేళ్ళూ అతని నోట్లో గంజి పోసింది భార్య బీబీ. జనాజా లేచిన రోజున ఆమె పదేళ్ళ కొడుకును దగ్గరికి పిలిచి ఒక్కటే మాట చెప్పింది.

"నీ మొహం గోదాలో చూశామని ఎవరన్నా నాతో చెప్పారంటే, ఆ రోజు నుంచి నా మొహం నువ్వు చూడవు."

మౌలాలీ తలూపాడు. తల ఊపినంత సులువుగా ఒళ్ళు ఊరుకుంటుందా? పెద్దవాడై, మనిషెత్తు విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకాడు. పొద్దుగూకులూ నారి మీద కొయ్యతో మోది మోది అతని భుజాలు రాళ్ళలా గట్టిపడ్డాయి. రైలుస్టేషను వెనక కుస్తీ నేర్పే తాలింఖానా నడిపే జహంగీరు వస్తాదు ఆ భుజాలు చూసి వదల్లేదు. మహమూదుకు కూడా కుస్తీ నేర్పినవాడాయనే. నాలుగు గోడల మధ్య పట్టేది గోదా కిందికి రాదని తనే ఒక తీర్పు చెప్పి, కుర్రవాణ్ణి లోపలికి లాక్కున్నాడు. ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి తాలింఖానాలో మౌలాలీని వెల్లకిలా పడేయగలిగినవాడు లేకుండా పోయాడు. బయట మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మాచవరం నుంచి కోడలుగా వచ్చిన ఖైరున్నీసాకు ఇదంతా పెళ్ళయిన ఏడాదికి తెలిసింది. మొగుడి వీపు మీద ఎర్రమట్టి చూసి అడిగితే అతను అబద్ధమాడలేక చెప్పేశాడు. ఆమె అత్తకు చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని ఆమెకు తెలుసు. అయినా, రోజంతా దూది దుమ్ములో దగ్గే ఆ మనిషి తాలింఖానా మాట ఎత్తగానే వెలిగిపోయేవాడు. ఆ వెలుగును ఆర్పడానికి ఆమెకు చేతులు రాలేదు.

పందొమ్మిది వందల నలభై రెండులో ఒకనాడు జహంగీరుకు అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితం మీద ఒక వింత బొమ్మ కనపడింది. బలిష్ఠమైన మనిషి, ఒంటి మీద లంగోటా లాంటి గుడ్డ, తల మొత్తానికి ముసుగు, కళ్ళకూ ముక్కుకూ నోటికీ రంధ్రాలు. కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆయన దాన్ని పట్టుకుని మిషన్ బడి పంతులు ఇన్నయ్య దగ్గరికి పోయాడు. ఇన్నయ్య చదివి చెప్పాడు. మెక్సికో అని సముద్రాల అవతల ఒక దేశం ఉందట. అక్కడి మల్లులు కొందరు ముసుగేసుకుని కుస్తీ పడతారట. ఊరంతా కొలిచే మల్లుడు పక్కింటివాడే అయినా పక్కింటివాడికి తెలియదట. పందెంలో ముసుగు పోతే ప్రాణం పోయినంత పనట.

జహంగీరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా మౌలాలీ దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్, మీయమ్మ వద్దన్నది నీ మొహాన్ని. ఒంటిని కాదు" అన్నాడు.

అప్పుడు యుద్ధం రోజులు. మంచి గుడ్డ దొరకడం గగనం. ఖైరున్నీసా తన పెళ్ళినాటి పచ్చ పట్టురవిక విప్పదీసి, మొగుడి తల దారంతో కొలిచి, ముసుగు కుట్టింది. అత్త కళ్ళముందే, దిండు గలీబు కుడుతున్నట్టు కూర్చుని కుట్టింది. సూది గుచ్చినప్పుడల్లా ఓరగా అత్త వైపు చూసేది. కుట్టడం అయ్యాక అతను తొడుక్కుని తిరిగి చూస్తే, ఎవరో పరాయి మనిషి ఇంట్లోకి వచ్చినట్టు ఆమె పమిట సర్దుకుంది.

మొదటి కుస్తీ గురజాల తిరునాళ్ళలో. దూది ఏకడానికి పోతున్నానని తల్లికి చెప్పి మౌలాలీ విల్లు భుజానేసుకుని బయలుదేరాడు. విల్లు తెలిసినవాళ్ళ కొట్టంలో పెట్టి, ముసుగేసుకుని గోదాలో దిగాడు. జనం మొదట నవ్వారు. మూడు నిమిషాలు తిరక్కుండా గురజాల పహిల్వాను ఆకాశం చూస్తూ పడి ఉన్నాడు. తర్వాత అచ్చంపేట, తర్వాత పిడుగురాళ్ళ. నాలుగేళ్ళలో అతని వీపు మట్టి తాకలేదు. పచ్చముసుగోడనే పేరు పల్నాడంతా పాకింది. వాడు కృష్ణ అవతలివాడని కొందరు, పటాలం నుంచి పారిపోయి వచ్చినవాడని కొందరు, మొహాన అమ్మవారు పోసి మొహం చెల్లక ముసుగేసుకున్నాడని కొందరు. చేదబావి దగ్గర ఆడవాళ్ళు ఆ కథలు చెప్పుకుంటుంటే ఖైరున్నీసా నీళ్ళు తోడుతూ వినేది. వాడు రాత్రి మా ఇంట్లో జొన్నరొట్టె మాడిందని అలిగాడు అని చెప్పాలని నాలుక దురద పెట్టేది. నవ్వు ఆపుకోలేక ఒకసారి చేద వదిలేసింది కూడా.

అంతవరకూ ఆమె అతని కుస్తీ చూసి ఎరగదు.

నలభై ఆరు వేసవిలో, పచ్చముసుగోడి కుస్తీలు కుదిర్చే జహంగీరుకు మాచర్ల నుంచి కబురొచ్చింది. మాచర్ల చెంచయ్యను ఎరగనివాళ్ళు పల్నాడులో లేరు. మనిషి ఏనుగు గున్న. మీసం రెండు చెంపల మీదికీ తిరిగి చెవుల్ని అందుకునేది. ఆ మీసానికి ఆయన రోజూ ఆముదం రాసేవాడని, దాని మీద నిమ్మకాయ నిలబెట్టేవాడని చెప్పుకునేవారు. ఆయన పంపిన కబురు ఇదీ: నేను ఓడితే గోదాలోనే మీసం తీయించుకుంటా, వాడు ఓడితే గోదాలోనే ముసుగు తీయాలి.

జహంగీరు వద్దన్నాడు. మౌలాలీ ఒక రోజంతా దూది ఏకి, సాయంత్రం సరేనన్నాడు. ఖైరున్నీసాకు మాత్రం మనసొప్పలేదు. ముసుగు పోతే పోయేది పరువొక్కటే కాదు, తల్లి కూడా. ఆ మాటే అంటే, అతను విల్లు నారి సవరిస్తూ, "ఓడితే గదా" అన్నాడు.

కుస్తీ రోజున మాచర్ల రైలు దిగినవాళ్ళతో నరసరావుపేట నిండిపోయింది. ఆడవాళ్ళకు ఒక పక్కన తడికెలు కట్టారు. ఇన్నయ్య పంతులు భార్య మరియమ్మ వాళ్ళ పొరుగిల్లే. తోడు రమ్మని ఆమే అడిగేసరికి ఖైరున్నీసాకు కాదనడానికి నోరు రాలేదు. తడికె సందులోంచి చూసింది.

పచ్చముసుగు గోదాలోకి వచ్చింది. వంగి గుప్పెడు మట్టి తీసి భుజాలకు రాసుకుంది. ఆ ఒళ్ళు ఆమెకు తెలిసిన ఒళ్ళే. ఎడమ భుజం మీద విల్లు ఒరిసిన మచ్చ కూడా తెలిసిందే. అయినా ఆ నడక ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఇంట్లో వాకిలి తగులుతుందేమోనని వంగి నడిచే మనిషి, ఇక్కడ ఆకాశమే కొంచెం పైకి జరగాలన్నట్టు నడుస్తున్నాడు. చెంచయ్య కొండలా మీదపడితే నీళ్ళలా జారిపోయాడు. జారినవాడు మరుక్షణం వెనక ఉన్నాడు.  మరియమ్మ జపమాల పట్టుకున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మనిషికా నేను అన్నం పెడుతున్నది అనుకుంది ఖైరున్నీసా.  భయం ఎటు పోయిందో తెలియదు.

అరగంట పెనుగులాడాక చెంచయ్య ఒక్క లిప్తపాటు తల వంచాడు. పచ్చముసుగు వెనకనుంచి మెడపట్టు పట్టింది. ఇక పని అయిపోయినట్టే. చెంచయ్య మోకాళ్ళు వంగాయి, మొహం నల్లబడింది. బిగించమని జనం అరుస్తున్నారు. ఇంకొక్క బెత్తెడు బిగిస్తే చాలు.

పచ్చముసుగోడు చేతులు వదిలేశాడు.

ఎందుకు వదిలాడో ఎవరికీ అర్థం కాలేదు. పట్టు తప్పిందనుకున్నారు. ఊపిరి అందిన చెంచయ్య, అలవాటైన ఒళ్ళు గనక, ఆలోచించకుండానే తిరిగి అతన్ని ఎత్తి వేశాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ రెండు భుజాలూ మట్టిని తాకాయి.

ముసుగు తియ్యి, ముసుగు తియ్యి అని మైదానమంతా హోరెత్తింది. ఖైరున్నీసా తడికెను రెండు చేతులా పట్టుకుని సందుకు కన్ను ఆనించింది. మౌలాలీ లేచి నిలబడి, మెడ వెనక ముడి మీదికి చెయ్యి పోనిచ్చాడు. పందెం పందెమే. చెంచయ్య వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. రొప్పుతూ, జనం వైపు తిరిగి అన్నాడు.

"గెలిచింది నేనన్నారు గదా. అయితే ఈ ముసుగు ఇయ్యాల్టి నుంచి నాది. నా సొమ్ము తియ్యమనడానికి మీరెవరు? అది ఆ మొహం మీదనే ఉంటది."

అని ఊరుకోలేదు. గోదా పక్కన సిద్ధంగా ఉన్న మంగలిని పిలిచి మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జనం వద్దు వద్దని కేకలేశారు. మంగలి కత్తి పెట్టడానికి వెనకాడాడు.

"కానియ్యి. ఓడిందెవరో నా మెడకు తెలుసు" అన్నాడు చెంచయ్య.

మీసం మట్టిలో పడుతుంటే మాచర్ల నుంచి వచ్చిన ముసలివాళ్ళు తలపాగాలు తీసి చేత పట్టుకున్నారు. 

మర్నాడు పొద్దున మరియమ్మ మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, బీబీ ముందు కూర్చుని జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ముసుగు వెనక ఎవరున్నారో ఆమెకు తెలియదు. కుస్తీ అన్న మాట ఆ ఇంట్లో వినపడి ఇరవై ఏళ్ళయింది. ఖైరున్నీసా పొయ్యి దగ్గర నుంచి అత్త మొహమే చూస్తోంది. బీబీ మాత్రం మరియమ్మను ఆపలేదు. మెడపట్టు దగ్గరికి వచ్చేసరికి బియ్యం ఏరుతున్న ఆమె చేతులు చేటలోనే ఆగిపోయాయి.

మరియమ్మ వెళ్ళాక బీబీ కోడలితో అంది.

"బిగిస్తే గెలుస్తానని తెలిసీ వదిలాడంటే... ఆ రోజు సత్తెనపల్లిలో ఇట్టాటోడు ఒక్కడు లేకపోయె. ఏమే, వీణ్ణి కన్న తల్లి ఎవరో గానీ, ఆమెను ఒక్కసారి చూడాలనుందే."

ఖైరున్నీసా ఇక ఆగలేకపోయింది. వచ్చి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఆ తల్లివి నువ్వే అత్తా."

బీబీ అరవలేదు, ఏడవలేదు. చేట పక్కన పెట్టి, వాకిలి వైపు తిరిగి కూర్చుంది. కొడుకు దూది మూటతో ఇంట్లోకి వచ్చేదాకా అలాగే ఉంది. వచ్చాక దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగినవాడి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, ఎముక ఎముకా తడిమింది. ఎందుకు వదిలావని అడిగింది.

"ఆయన మెడలో ఎముక కదిలిందమ్మా. నా చేతికి తెలిసింది" అన్నాడు మౌలాలీ. "నాయన మంచంలో మూలిగిన మూలుగు వినపడింది."

బీబీ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఒట్టు పెట్టింది నేనే. తీసేస్తుంది కూడా నేనే. పో, పోయి అన్నం తిను" అంది.

కాని ముసుగు తీయడానికి మౌలాలీ ఒప్పుకోలేదు. తల్లి ఒట్టు తీరినా చెంచయ్య మాట ఉందన్నాడు. మరో మూడేళ్ళు పచ్చముసుగుతోనే పట్టాడు. మళ్ళీ మెడపట్టు మాత్రం ఎన్నడూ పట్టలేదు. నలభై తొమ్మిదిలో కుడి భుజం కీలు తప్పాక మానేసి, జహంగీరు తర్వాత తాలింఖానా చూసుకున్నాడు. పచ్చముసుగోడు ఏమయ్యాడని ఊరు చాలాకాలం అడిగింది. చెప్పగలిగిన నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు.

ఆ మూడేళ్ళలో పేటలో జరిగిన ప్రతి కుస్తీకీ బీబీ వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుందేమోనని ఖైరున్నీసా చెయ్యి పట్టుకుని కూర్చుంది. బీబీ కళ్ళు ఆర్పకుండా చూసింది. చూస్తూ, కోడలి చెవి దగ్గరికి వంగి, ఇప్పుడు కాలు మెలేస్తాడు చూడు, ఇప్పుడు నడుం కింద దూరతాడు చూడు అని, మొగుడి నాటి పట్లన్నీ ఒక్కొక్కటే ముందుగానే చెప్పింది. ఆమె చెప్పినట్టే గోదాలో జరుగుతుంటే ఖైరున్నీసా నోరు తెరుచుకుని కాసేపు మొగుణ్ణీ, కాసేపు అత్తనూ చూస్తూ ఉండిపోయింది.