రెండు చందమామల ఊరు

నిన్న మా మనుమరాలు లావు బుక్కొకటి తెచ్చింది. అంతరిక్షం సినిమాల బొమ్మల బుక్కట. ఏ బండి ఏ గ్రహందో అన్నీ అండ్ల రాసి ఉన్నయట. ఆ నున్నటి కాయిదం వాసన తగలంగనే బుక్కు మూసేసిన. చిన్నప్పుడు ఇసొంటి బుక్కే మా ఇంటికొచ్చింది.

సెంటు కొట్టుకొని, నల్లద్దాలు పెట్టుకొని ఊర్లల్ల తిరిగిన గల్ఫ్ ఏజెంట్లు మా ఈడోళ్లకు యాదుండాలె. కరువుకు మా ఈతచెట్లన్నీ ఎండినయ్. కల్లు గీసే మా బాపు దుబాయి పోతనన్నడు. కోరుట్ల ఏజెంటు బుక్కు తెరిచి మెరిసే మేడలు చూపిచ్చిండు.

"మల్లన్నా, నువ్వు పనిచేసే ఊరు గిదే. వేలిముద్ర పెట్టు."

నాకప్పుడూ చదువు రాదు, ఇప్పుడూ అంతంతే. గని కండ్లు సక్కగున్నయ్. బాపు చెయ్యి గుంజిన.

"బాపూ, గీ ఊర్ల రెండు చందమామలున్నయే! పోకు, వీడు అబద్ధాలాడుతుండు."

"మనసొంటోళ్లకు ఒక్కటి, షేకులకు రెండు పోరగా" అన్నడు ఏజెంటు. చూడొచ్చినోళ్లందరు నవ్విండ్రు. బాపు నవ్వలే. అమ్మ మొకం చూసిండు, ఎండిన చెట్ల దిక్కు చూసిండు, వేలు పెట్టిండు.

బాపు పోయినంక ఆరు నెలలు ఏ కబురు లేదు. అమ్మ కడుపునిండ బువ్వ తినలే. ఆఖరికి దుబాయి నుంచి వచ్చినాయన ఒక క్యాసెట్టు తెచ్చిచ్చిండు. పక్కింటి టేపురికార్డుల పెడితే గరగర నడుమ బాపు గొంతు వినవడ్డది.

"కొడుకా, ఎడారిల గొర్లు కాస్తున్న. రోజూ మీదికి చూస్తున్న. ఈడ గూడ చందమామ ఒక్కటేరా."